మహారాజు కింద వాన

మా ఊళ్ళో నాకు అబద్ధాలకోరని పేరు. అది ఊరికే వచ్చిన పేరు కాదు, చిన్నప్పటి నుంచి కష్టపడి సంపాదించుకున్నది. మబ్బులు దిగివచ్చి మా ఇంట్లో మజ్జిగ తాగి పోయేవని, మా తాత చిరుతపులిని మీసాలు పట్టుకుని సంతకు తోలుకుపోయి బేరం కుదరక మళ్ళీ తోలుకొచ్చాడని నేను చెప్పిన కథలు చింతామణి బస్టాండులో ఇప్పటికీ తిరుగుతుంటాయి. కొన్ని తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చి, ఇది విన్నావా అమ్మా అని నన్నే అడుగుతాయి. అయితే నా బతుకు కథలో ఈ అధ్యాయం కోపంతో రాస్తున్నాను. కోపంలో ఉన్నప్పుడు అబద్ధం అల్లే ఓపిక నాకుండదు. అందుకని ఇందులో ఒక్కటి తప్ప మిగతాదంతా జరిగిందే. ఆ ఒక్కటి వచ్చినప్పుడు నేనే వేలు పెట్టి చూపిస్తాను.

కోపానికి కారణం ఒక ఆహ్వాన పత్రిక. మా బోడికొండలో లాభాపేక్ష లేని చిత్రకళా కేంద్రం ఒకటి తెరుస్తున్నారట. ఊరి ఆడపడుచుగా వచ్చి నేను రెండు మాటలు మాట్లాడాలట. పత్రిక పైన కేంద్ర స్థాపకులు అంటూ తలకు జరీ పేటా చుట్టుకున్న ఒక మనిషి ఫోటో వేశారు. చూడగానే గుర్తుపట్టాను. మా ఊరి లెక్కలు రాసే కరణం, శానుభోగు గారి అల్లుడు శేషగిరి. పోయి కొన్నేళ్ళయింది. పోయిన మనిషిని అనకూడదంటారు గానీ ఫోటో వేసి పేరు కింద గీత గీసినప్పుడు అనక తప్పదు. ఆ కేంద్రం ఉన్న బొమ్మల చావడిని శేషగిరి స్థాపించలేదు. అది నడుస్తుండగా గొంతు పిసికాడు. పిసికిన చేతులకే ఇప్పుడు పూలదండ వేస్తామంటే నేను తాంబూలం పుచ్చుకుని ఊరుకోవాలా?

చింతామణి నుంచి బాగేపల్లి పోయే తోవలో, కొండ నడుముకు మొలతాడు కట్టినట్టు ఉంటుంది మా ఊరు బోడికొండ. మా ముత్తాతల కాలంలో బండ్లన్నీ కొండ కనుమ మీదుగానే పోయేవి. అక్కడ సుంకం వసూలు చేయడానికి రాతి స్తంభాలతో ఒక చావడి కట్టారు. తరువాత కింద కొత్త దారి పడింది, బండ్లు కిందికి దిగిపోయాయి, సుంకమూ దిగిపోయింది. చావడి మాత్రం పైనే మిగిలింది. దాన్లో మేకలు పడుకునేవి. నాకు ఊహ తెలిసేసరికి మేకల్ని తోలేసి మేష్ట్రు చేరాడు. ఆయన ఏదో బస్తీ శాలెలో డ్రాయింగు నేర్పి, పెన్షన్ పుచ్చుకుని సొంతూరికి వచ్చినవాడు. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, గొడుగు మాత్రం ఉండేది. ఎండలో మడిచి చంకలో పెట్టుకునేవాడు, నీడలోకి వచ్చాక విప్పేవాడు. ఎందుకయ్యా అంటే నీడలో రంగులు సరిగా కనబడాలంటే ఇంకాస్త నీడ కావాలనేవాడు. ఆయన పంచె అంచు ఒక ఏడు ఎరుపు, ఒక ఏడు నీలం. చావడిలో ఆ ఏడు ఏ రంగు ఎక్కువ వాడారో పంచె చూసి చెప్పేయొచ్చు.

ఆయన చావడిని బొమ్మల చావడి చేశాడు. ఎవరైనా రావచ్చు, ఏదైనా వేయవచ్చు. పొద్దున రేషం పట్టుపురుగులకు ఆకు వేసి వచ్చేవాళ్ళు, మధ్యాహ్నం వంటిల్లు కడిగి వచ్చే ఆడవాళ్ళు, సాయంత్రం మేకల్ని దొడ్లో కట్టి వచ్చే మొగపిల్లలు. రుసుం లేదు. పలకలు లేవు, కాగితాలు లేవు, గోడలే పలకలు. ఈతమట్ట కొన నలగ్గొట్టి కుంచె చేసుకునేవాళ్ళం. ఎరుపుకు కొండ వెనకాల ఎర్రమన్ను, నలుపుకు దీపం మసి, పసుపుకు పసుపే, ఆకుపచ్చకు చిక్కుడాకు రసం, నీలానికి చాకలి నీలిమందు. అన్నిటికీ చింతగింజల జిగురు. ఆ జిగురు ఉడికే వాసన ఒకసారి ముక్కుకెక్కితే జన్మంతా దిగదు. ఇప్పటికీ నాకు ఎక్కడైనా చింతపండు ఉడుకుతుంటే చేతులు గోడ కోసం వెతుకుతాయి.

సున్నానికీ జిగురుకూ డబ్బు కావాలి గదా. దానికి ఒక పద్ధతి ఉండేది. శుక్రవారం పొద్దున ఒక పిల్ల కుండ పట్టుకుని ఇంటింటికీ పోవాలి, ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు రాగులు వేయాలి. ఆ రాగులు సంతలో అమ్మి సరుకు తెచ్చేవాళ్ళు. ఆ కుండ మోసిన పిల్లను నేనే. అందుకే చెప్తున్నాను, లాభాపేక్ష లేకపోవడమంటే ఏమిటో నాకు పత్రిక అచ్చువేసి నేర్పనక్కరలేదు. దాని బరువు నా నడుముకు తెలుసు. అంతే కాదు, ఊళ్ళో ఏ బొమ్మ బాగుందో ఏది బాగాలేదో కూడా నాకే ముందు తెలిసేది. నోటితో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, పిడికిలితో చెప్పేవాళ్ళు. అందరిలోకీ మా అవ్వ పిడికిలి పేరుపొందింది. పెద్దగోడ మీద ఆ ఏడు బొమ్మ నచ్చితే ఆమె పిడికిలి ఉబ్బి వేళ్ళ సందుల్లోంచి రాగులు కారేవి. నచ్చకపోతే అదే పిడికిలి కోడిగుడ్డంత అయ్యేది. ఒక ఏడు ఎవరో కొబ్బరిచెట్టు వేసి దానికి మామిడికాయలు కాయించారు. ఆ ఏడంతా మా అవ్వ కుండలో వేసిన రాగులు ఒక పిచ్చుక కడుపు కూడా నింపవు.

పెద్దగోడ అంటే చావడి లోపల, తలుపుకు ఎదురుగా ఉన్న గోడ. మిగతా గోడల మీద ఎవరి ఇష్టం వాళ్ళది. పెద్దగోడ మాత్రం వంతుల ప్రకారం ఏడాదికి ఒక ఇంటికి. ఉగాదికి ముందు సున్నంరోజు అని ఒకటి వచ్చేది. కొండ కింద గుంతలో సున్నపురాళ్ళ మీద నీళ్ళు పోస్తే అవి బుసకొట్టి ఉడికేవి, ఆ ఆవిరికి ఊరంతా దగ్గేది. ఊరు ఊరంతా చావడికి వచ్చి పాత బొమ్మను కడసారి చూసేది. తరువాత ఆ బొమ్మ వేసినవాళ్ళే కిత్తనార కుంచె సున్నంలో ముంచి, తమ బొమ్మ మీద మొదటి పూత తామే పూయాలి. అది మేష్ట్రు పెట్టిన రూలు. ఎంత బాగా వచ్చిన బొమ్మయినా సరే. కొందరు కళ్ళు మూసుకుని పూసేవాళ్ళు, కొందరు నవ్వుతూ పూసేవాళ్ళు, కంసలి చిక్కన్న తన నెమలి మీద పూస్తూ దాంతో మాట్లాడాడు. ఆ తరువాత అందరికీ బెల్లం పానకం. తెల్లగా ఆరిన గోడను వంతు వచ్చిన ఇంటికి అప్పగించేవాళ్ళు.

ఇంకొక రూలు ఉండేది. దేవుడి బొమ్మలు వేయకూడదు. ఎవరో పెద్దాయన కోపం చేసుకుంటే మేష్ట్రు చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది.

"దేవుణ్ణి ఏస్తే తుడిచే చెయ్యి ఉండదప్పా. తుడవకపోతే ఇది గుడి అయిపోతాది. గుళ్ళు మనకు చాలినన్ని ఉండాయి."

ఎంత తెలివైన రూలు అది. కానీ తెలివైన రూలుకు కూడా ఒక కన్నం మిగిలిపోతుంది, ఆ కన్నంలోంచి అల్లుళ్ళు దూరుతారు.

ఇక మా ఇంటి సంగతి. మా నాన్నకు, మామకు కింద రోడ్డు మీద బెల్లం, మిరపకాయల అంగడి. మామ అంటే మా మేనత్త నంజమ్మ మొగుడు, ఇల్లరికం వచ్చినవాడు. వాళ్ళిద్దరూ ఇల్లు చేరకముందే వాళ్ళ ఘాటు ఇల్లు చేరేది. సందు మలుపులో ఉండగానే వంటింట్లో మా అమ్మ తుమ్మేది, సంగటి కుండ దించేది. చలికాలం వస్తే మా ఇల్లు పితికిపప్పు వాసనే. నానబెట్టిన చిక్కుడుగింజల్ని వేళ్ళ మధ్య నొక్కితే పప్పు జారిపడేది, తోలు చేతికి అంటుకునేది. ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని పితుకుతూ ఊళ్ళో అందరి గుట్లూ పితికేవాళ్ళు. నంజమ్మత్త మాత్రం మాట్లాడేది కాదు. ఆమె చూపు ఎప్పుడూ గోడల మీదే. ఎవరింటికి పోయినా మనుషుల్ని పలకరించే ముందు గోడను తడిమేది. నిమ్ము పట్టిందా, పెచ్చు లేచిందా, ఎన్నిసార్లు పూశారు. గోడను పెళ్ళిచూపులు చూస్తాండాదని మామ ఎగతాళి చేసేవాడు.

ఒక పండగ ముందర వంటింటి పొగమసి గీకడానికి అత్త కొడవలి తీసింది. మా ఇంట్లో పండగ పండగకూ గోడలకు పూత పడేది, ఒకసారి సున్నం, ఒకసారి ఎర్రమన్ను, తాత ఉన్న రోజుల్లో నీలం కూడా. అత్త గీకుతుంటే కొడవలి మొన కొంచెం లోతుగా దిగింది. మసి కింద తెలుపు, తెలుపు కింద ఎరుపు, ఎరుపు కింద నీలం, సన్నటి గీతగా బయటికి వచ్చింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. నేను పక్కనే ఉన్నాను. ఇంకొక గీత గీసింది, ఈసారి కావాలనే, ఏటవాలుగా. తరువాత కొట్టుగదిలో మిరపకాయ బస్తాల వెనకాల, అవ్వ కంటికి కనబడని మూల, ఎన్నో మధ్యాహ్నాలు ఇద్దరం తుమ్ముకుంటూ కూర్చున్నాం. ఆమె ఏమీ పూయలేదు, రంగు కలపలేదు. మొనతో గీకుతూ పోయింది. కొన్ని గీతలు పైపైన, కొన్ని లోతుగా, కొన్ని సగంలో ఆగేవి. ఒకరోజు లేచి వెనక్కి జరిగి నన్ను చూడమంది. చూశాను. గోడలోంచి వాన కురుస్తోంది. నందికొండ తట్టు నుంచి మా కొండ మీదికి వాలుగా దిగే, మా ఊరి వాన. నా అబద్ధాలన్నీ కలిపినా అంత నిజమైనది నేను చూడలేదు.

"చావడి గోడలో ఇన్నేండ్ల బొమ్మలుండాయి గదా రత్నా," అంది అత్త. "అందురూ ఆడనే ఉండారు. సున్నం కింద నిద్రపోతాండారు, అంతే. నా వంతు వస్తే అందుర్నీ వానలో దించుతా."

ఆమె వంతు అంటే మా ఇంటి వంతు. మరుసటి ఉగాదికే. మొగవాళ్ళెవరికీ చేతకాదని, గోడ నంజకేనని అవ్వ ఎప్పుడో తేల్చేసింది. ఏం వేస్తావమ్మా అని ఊరంతా అడుగుతుంటే అత్త పెదవి విప్పలేదు, నాతో కూడా ఒట్టు వేయించుకుంది. నేను జీవితంలో దాచిన ఒకే ఒక్క నిజం అది.

మాకు ముందు వంతు శానుభోగు గారిది. అల్లుడు శేషగిరికి గోడ అప్పగించారు. శేషగిరికి చింతామణి కచేరిలో గుమాస్తా పని కావాలి. చావడి తలుపు మూసుకుని చాలా రోజులు వేశాడు, వేసి తలుపు తీశాడు. గోడ నిండా ఏనుగు, ఏనుగు మీద అంబారి, అంబారిలో మహారాజావారు. మా ఊళ్ళో మహారాజును చూసినవాళ్ళు లేరు. ఆ ముఖం అంగట్లో వేలాడే క్యాలెండరు నుంచి ఎత్తింది, చెవులు మాత్రం శానుభోగువి. ఏనుగునూ శేషగిరి చూడలేదు, దాని వెనక కాళ్ళు ఎద్దు కాళ్ళలా వెనక్కి వంగాయి. మా అవ్వ చూసి, పాపం నడవలేదే అంది. ఆ శుక్రవారం ఆమె పిడికిలి కోడిగుడ్డు కూడా కాదు, పిచ్చుకగుడ్డు. అయినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒక ఏడే గదా, ఉగాది వస్తే సున్నం పడుతుంది.

సున్నంరోజు వచ్చింది. సున్నం ఉడికింది, పానకం కలిపారు, ఊరంతా చావడిలో చేరింది. అత్త కొడవలి మొనను రాతి మీద నూరి, కొంగులో చుట్టి తెచ్చుకుంది. మధ్యాహ్నానికి కింద గుర్రబ్బండి ఆగింది. అందులోంచి తాలూకాను ఏలే అమల్దారు దొర దిగాడు. ఆయన్ని పిలిపించింది శానుభోగు. దొర ఎగరోజుతూ కొండ ఎక్కి వచ్చి, చావడి గడప దగ్గర బూట్లు విప్పి, గోడ మీది మహారాజుకు వంగి దండం పెట్టాడు. అంతే. అయిపోయింది. ఎవరికీ ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది. దేవుడికి కాచుకున్న మేష్ట్రు రాజుకు కాచుకోలేదు.

శేషగిరి చేతిలో కుంచె ఉంది గానీ చెయ్యి లేవలేదు. శానుభోగు ముందుకు వచ్చి, అందరికీ వినబడేలా అడిగాడు.

"మహారాజావారి ముఖాన సున్నం పూసేదెవురప్పా? ముందుకు రాండి, దొరలు చూస్తాండారు."

మొగవాళ్ళంతా ఒక్కసారిగా తమ కాళ్ళ వేళ్ళు లెక్కపెట్టుకోసాగారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి నంజమ్మత్త లేచింది.

"నేను పూస్తానప్పా. నా వంతు గోడ అది."

"పక్క గోడ ఖాళీగా ఉండాది గదమ్మా. ఆడ ఏసుకో పో."

"పక్క గోడ మొన్న మళ్ళా కట్టినట్టిది, దాంట్లో ఏమీ లేదు. ఈ గోడలో అందురూ ఉండారు."

"యాడుండారమ్మా? నాకు ఒగరూ కనబడరే," అని శానుభోగు గోడ వెనక్కి తొంగిచూసినట్టు నటించాడు. ఊరు నవ్వింది. నేను కుండ పట్టుకుపోతే పిడికెడు రాగులు వేసిన చేతులే నోళ్ళకు అడ్డం పెట్టుకుని నవ్వాయి. దొరకు తెలుగు అర్థం కాకపోయినా అందరూ నవ్వుతున్నారని ఆయనా నవ్వాడు. అత్త చెవులు ఎర్రబడ్డాయి. కొంగులో కొడవలి మొన మీద ఆమె వేళ్ళు బిగుసుకోవడం నేను చూశాను. ఆమె ఇంకెవరి వైపూ చూడలేదు, మేష్ట్రు వైపు తిరిగింది.

"మీరు చెప్పండి మేష్ట్రూ. రూలు మీదే గదా."

మేష్ట్రు చాలాసేపు దొర విప్పిన బూట్లను చూశాడు. గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"ఈ ఒగ ఏడు ఓర్చుకో నంజమ్మా," అన్నాడు.

నా కోపం శానుభోగు మీద కాదు. ఆయన పుట్టుకే అంత. శేషగిరి మీద కూడా సగమే, వాడికి ఉద్యోగం కావాలి, దొరికింది. నా కోపం మేష్ట్రు మీద. తుడవడం భయం లేని పని అని మాకు నేర్పింది ఆయన. తన బొమ్మ మీద తనే సున్నం పూయగలిగినవాడికే ఇంకొకటి వేసే చెయ్యి వస్తుందని ఏటేటా చెప్పింది ఆయన. కంసలి చిక్కన్న నెమలిని, వేరింట ఉండే మా చిన్నాన్న కష్టపడి వేసిన సంతను, ఇంకా ఎందరివో పొట్టేళ్ళను, మొక్కజొన్న పొత్తుల్ని సున్నంలో కలిపించి, చివరికి క్యాలెండరు ముఖం దగ్గర ఆ చెయ్యి ముడుచుకుంది. పెన్షన్ సర్కారుదే గదా, పాపం ముసలాయన ఏం చేస్తాడని మా నాన్న అనేవాడు. ఏం చేస్తాడో నాకు తెలియదు. ఇంత వయసొచ్చినా ఆయన్ని క్షమించాలని నాకు అనిపించలేదు.

అత్త మా ఇంటి వంతుగా తెచ్చిన సున్నం తట్ట నెత్తికెత్తుకుని ఇంటికి వచ్చింది. వెనకాలే నేను. కొట్టుగదిలో మిరపకాయ బస్తాలు జరిపి, కుంచె ముంచి, మూలనున్న తన వాన మీద మొదటి పూత తానే పూసింది. తరువాత రెండో పూత. బొమ్మల చావడి రూలు ఆ ఏడు ఊళ్ళో పాటించింది ఆమె ఒక్కతే.

వచ్చిన శుక్రవారం నేను కుండ పట్టుకుని మా గడపలోనే మొదట నిలబడ్డాను. అవ్వ రాగుల డబ్బాలో చెయ్యి పెట్టి నిండుగా తీసింది. కుండలోకి చెయ్యి దించింది. దించి, పిడికిలి విప్పకుండానే వెనక్కి తీసుకుని, రాగులు డబ్బాలో పోసుకుంది. నవ్విన ఇళ్ళవాళ్ళు ఇంకొన్ని వారాలు వేశారు, తరువాత వాళ్ళకూ అర్థం కాలేదు ఎందుకు వేస్తున్నామో. సున్నం లేనప్పుడు సున్నానికి రాగులెందుకు? కొత్త బొమ్మ రానప్పుడు జిగురెందుకు? ఒక ఏడు అన్నది మరుసటి ఏడు కూడా ఒక ఏడే అయింది. మహారాజుకు పొగ సోకుతుందని దీపం పెట్టడం మానేశారు. పిల్లలు ముట్టుకుంటారని తలుపుకు తాళం వేశారు, తాళంచెవి శానుభోగు మొలలోకి పోయింది. మేష్ట్రు ఇల్లు కదలడం మానేశాడు. ఆయన పంచె అంచు అప్పుడు మొదటిసారి తెల్లగా చూశాను. కొన్నేళ్ళకు రాజ్యాలే పోయాయి, రాజులంతా గద్దెలు దిగారు. మా గోడ మీది రాజు మాత్రం దిగలేదు.

ఇదీ పత్రికలో రాని చరిత్ర. నేను ప్రారంభోత్సవానికి పోయాను. పోకుండా ఉండే మనిషిని కాదు. చావడికి కొత్త పెంకులు, ఇనుప కమ్ముల తలుపు. పెద్దగోడ ముందర తాడు కట్టి, ముట్టరాదు అని కన్నడంలో, తెలుగులో రాశారు. మిగతా గోడలకు ఆస్పత్రి పచ్చ రంగు. చింతగింజల వాసన లేదు, ఊదొత్తుల వాసన. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, తలా ఒక కాగితం, పెన్సిలు ఇచ్చారు. ఏం వేస్తున్నారో వంగి చూశాను. అందరూ మహారాజునే ఎత్తి వేస్తున్నారు. ఏనుగు కాళ్ళు వెనక్కి వంగుతాయని మా కొండ పిల్లలకు తరతరాలుగా నేర్పడానికి ఒక కేంద్రం. లాభం లేదన్న మాట నిజమే. అప్పుడు మా దగ్గర ఉన్నది పిడికెడు రాగులు, ఏడాదికొక తెల్ల గోడ. ఇప్పుడు అన్నీ ఉన్నాయి, గోడ లేదు.

కార్యదర్శి ప్రసన్న, శేషగిరి కొడుకు. మర్యాదస్తుడు, నాకు కుర్చీ వేసి కాఫీ ఇచ్చాడు. మైకు చేతికి వచ్చింది. ఇదిగో, నేను చూపిస్తానన్న అబద్ధం ఇక్కడే ఉంది. స్థాపకుల గురించి రెండు మంచి మాటలు చెప్పి, గొంతు తగ్గించి, ఈ మహారాజు కింద ఇంకో బొమ్మ ఉందని చెప్పాను. ఒక ఏడు ఎవరో చిలకను వేసి, దాని రెక్కలకు అసలైన బంగారు రేకు అతికించారని, సున్నంరోజు రాగానే రూలు ప్రకారం బంగారంతో సహా పూసేశామని, ఆ రోజుల్లో మాకు బొమ్మంటే అంత గౌరవమని. జనం చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక ప్రసన్న రెండో కాఫీ తెచ్చాడు.

"ఆ చిలక యాడుండాదమ్మా, గోడలో?" అన్నాడు, ఊరికే అడిగినట్టు.

"చిన్నపిల్లను గదప్పా, సరిగా గుర్తులేదు. అంబారి కాడనో, ఏనుగు కడుపు కాడనో. పైనుంచి కిందికి సన్నంగా గీకితే గానీ తెలీదు. ఎవురు గీకుతారు, పో."

మామిడి కాపు అయిపోయేలోగా కబురు వచ్చింది. దురస్తి పని అని చావడికి కొన్నాళ్ళు తాళం వేశారట, తరువాత తెరిచారట గానీ ఎవరినీ లోపలికి రానివ్వడం లేదట. నేను చింతామణిలో కొడుకు దగ్గరున్న నంజమ్మత్త ఇంటికి పోయి, సంగతంతా చెప్పి, బస్సెక్కించాను. ఆమె జుట్టు సున్నంలా తెల్లబడింది గానీ నడక అట్లే ఉంది. కొండ ఎక్కాక, ముఖం చాటేస్తున్న ప్రసన్నను తోసుకుని లోపలికి పోయాం.

పెద్దగోడ మీద మహారాజు సగం కూడా లేడు. పైనుంచి కిందికి గీతలు, గోడ నిండా. బంగారం దొరక్క ఒకచోట వదిలి ఇంకొకచోట, ఆత్రం కొద్దీ కొన్నిచోట్ల లోతుగా, భయం కొద్దీ కొన్నిచోట్ల పైపైన. ఆ గీతల్లోంచి కంసలి చిక్కన్న నెమలి నీలం, చిన్నాన్న సంత ఎరుపు, మామిడికాయల కొబ్బరిచెట్టు పచ్చ, మసి, పసుపు, తెలుపు. అంబారి మీద, ఏనుగు మీద, శానుభోగు చెవుల మీద వాన. ఎంత ఆశపడి గీకారో గానీ, కురిసింది.

అత్త తాడు కిందుగా దూరి గోడ దగ్గరికి పోయింది. ఎవరింట్లోనైనా చేసినట్టు ముందు అరచేత్తో తడిమింది. నిమ్ము చూసింది, పెచ్చు చూసింది. వెనక్కి జరిగి గీతల వాలు చూసింది.

"ఎవురే గీకింది ఇది?"

"శేషగిరి కొడుకత్తా."

"చేతగానోడు. వాలు చూడు. వాన నంది తట్టు నుంచి గదా రావాల."

చెప్పి, సంచీలోంచి గుడ్డమూట తీసి విప్పింది. అదే కొడవలి, అరిగి అరిగి చందమామలా సన్నబడింది, మొన మాత్రం తెల్లగా మెరుస్తోంది. ఆ పొద్దున నూరినట్టుంది. ప్రసన్న పరుగున వచ్చి, ముట్టగూడదమ్మా, ఇది సంస్థ ఆస్తి అన్నాడు. అత్త అతని వైపు తిరగలేదు.

"నా వంతప్పా ఇది," అంది, గోడతో చెప్పినట్టు. కొంగు నడుముకు దోపి, మహారాజు మిగిలిన చెవి దగ్గర మొన ఆనించింది.

నేను ప్రసన్నను పక్కకు తీసుకుపోయి, రాగుల కుండ యాడ పెట్టినారప్పా అని అడిగాను.